సిరామిక్ కెపాసిటర్ మీద 220 అని ఉంటే 220 కాదు: అపోహలు - వాస్తవాలు

"సోల్డరింగ్ అంతా సరిగ్గానే ఉంది, ప్రోగ్రామూ ఎక్కింది, కానీ క్రిస్టల్ కదలట్లేదు." ఈ ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది క్రిస్టల్ (చిప్‌కు క్లాక్ ఇచ్చే భాగం) పక్కనున్న రెండు చిన్న సిరామిక్ కెపాసిటర్ డిస్క్‌లనే. 22 పికోఫారడ్లు ఉండాల్సిన చోట చాలాసార్లు 223 కనిపిస్తుంది. అంటే 22,000 పికో, వెయ్యి రెట్లు ఎక్కువ! దానితో ఆసిలేటర్ మొదలవ్వదు. కంగారుపడి చిప్ మార్చకండి, దీనివల్ల చిప్ కాలిపోదు. డిస్క్‌లు మారిస్తే చాలు.

అపోహ: పైన రాసిన అంకే విలువ.

వాస్తవం: మూడంకెలుంటే మొదటి రెండే విలువ. మూడోది వాటి పక్కన పెట్టాల్సిన సున్నాల లెక్క. వచ్చేది ఎప్పుడూ పికోఫారడ్లలోనే. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు: 1,00,000 పికో, అంటే 100 నానో, అంటే 0.1 మైక్రో. మరి 220? 22 పక్కన సున్నాలేమీ లేవు, కాబట్టి 22 పికో. 220 పికో కావాలంటే 221 వెతకాలి. 100 పికో కావాల్సిన, రెసిస్టర్-కెపాసిటర్ కలిసిన ఆర్‌సీ ఫిల్టర్‌లో 100 అని ఉన్నది పెడితే అది 10 పికోయే, కటాఫ్ (ఫిల్టర్ ఆపడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ) పది రెట్లు పైకి పోతుంది. రెండంకెలే ఉంటే ఉన్నదున్నట్టే పికో. 4ఆర్7లో ఆర్ దశాంశ బిందువు: 4.7 పికో.

అనుమానముంటే కొలవండి, కానీ బోర్డులో ఉండగా కాదు. ఒక కాలైనా ఊడదీయాలి, లేకపోతే పక్క సర్క్యూట్ కూడా రీడింగ్‌లో కలుస్తుంది. చిన్న విలువలైతే ముందు ఖాళీ ప్రోబ్‌ల రీడింగ్ చూసి, దాన్ని తీసేయండి.

అపోహ: 104కెలో కె అంటే కిలో.

వాస్తవం: కాదు, అది టాలరెన్స్, అంటే అసలు విలువ ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే అక్షరం. జె 5 శాతం, కె 10, ఎం 20.

అపోహ: 10 మైక్రో అని కొంటే సర్క్యూట్‌లోనూ 10 మైక్రోయే.

వాస్తవం: ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ అనే సిరామిక్ రకాలకు డీసీ వోల్టేజ్ పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ పడిపోతుంది. 6.3 వోల్టుల చిన్న, బోర్డు పైనే అతికే ఎస్‌ఎండీని 5 వోల్టుల లైన్ మీద పెడితే సగం కూడా మిగలకపోవచ్చు. టైమింగ్‌కు, క్రిస్టల్‌కు విలువ అంతగా మారని సీ0జీ రకం వాడండి.

అపోహ: విలువ, వోల్టేజ్ సరిపోతే ఏ డిస్కైనా ఒకటే.

వాస్తవం: పవర్ సప్లైలో ప్రైమరీకి (మెయిన్స్ వైపు), సెకండరీకి (అవుట్‌పుట్ వైపు) మధ్య ఉండే, వై1 లేదా వై2 అనే సేఫ్టీ తరగతి ముద్ర ఉన్న డిస్క్ దగ్గర ఈ మాట ప్రాణం తీస్తుంది. దాని బదులు మామూలు 2 కిలోవోల్టుల 222 పెడితే, అది షార్ట్ అయిన రోజు మెయిన్స్ నేరుగా అవుట్‌పుట్ వైరులోకి వచ్చేస్తుంది. వై1 ఉన్నచోట వై1 మాత్రమే పెట్టండి.