ఎవరి తాలూకు ఈ ‘నేను’?

కోనసీమలో కొత్త ఊరికి వెళ్లి, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషికి మీ పేరు చెప్పి చూడండి. తల ఊపుతారు గానీ ఆయనకు అది చాలదు. “ఎవరి తాలూకు అండీ?” అని అడుగుతారు. ఇంటిపేరు, తాతగారి పేరు, అమ్మమ్మగారి ఊరు తేలాక గానీ మీరెవరో ఆయనకు తెలిసినట్టు కాదు. చిన్నప్పుడు నాకు ఇది మహా విసుగ్గా ఉండేది. ఇక్కడ నిలబడ్డది నేనైతే మధ్యలో తాతగారెందుకు?

మనస్తత్వశాస్త్రం ఆ అరుగు పక్షానే ఉందని తర్వాతెప్పుడో తెలిసింది. 1890లో అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ ‘నేను’ను రెండుగా విడదీశాడు: తెలుసుకునే నేను, తెలియబడే నేను. ఈ రెండోదాన్నే ఇప్పుడు స్వీయభావన అంటున్నారు. వేదాంతులు వెతికే ఆత్మతో దీనికి సంబంధం లేదు. మన గురించి మనం కట్టుకున్న అభిప్రాయాల మూట ఇది. ఆ మూటలో ఒంటితోపాటు బట్టలు, ఇల్లు, భార్యాబిడ్డలు, పూర్వీకులు, స్నేహితులు, భూములు, గుర్రాలు కూడా ఉంటాయని, ‘నాది’ అనగలిగినదంతా కలిస్తేనే మనిషి అని జేమ్స్ రాశాడు. మనల్ని ఎరిగినవాళ్లు ఎంతమందో మన సామాజిక ‘నేను’లు కూడా అన్ని ఉంటాయన్నాడు.

తెలుగులో మరో చిక్కు ఉంది. మనం ‘నాది’ అని కూడా సరిగా అనం. మా అమ్మ, మా ఊరు, మా పొలం. ఆఖరికి భార్యను పరిచయం చేసేటప్పుడు కూడా ‘మా ఆవిడ’ అంటాం. అక్కడ ఆ బహువచనం ఎందుకని ఎవరికీ అనుమానం రాదు. వ్యాకరణం ఒక్కటే చూసి మనసును లెక్కగట్టకూడదు గానీ ఈ ‘మా’ నాకు ఒక పరిశోధనను గుర్తుచేస్తుంది.

పరిశోధన అంటే పెద్ద యంత్రాలేమీ లేవు, కాగితం, పెన్సిలు. మిమ్మల్నీ మీ స్నేహితుల్నీ సున్నాలుగా గీసి, ఎవరికెవరు దగ్గరో గీతలతో కలపమంటారు. తర్వాత పరిశోధకులు ఆ సున్నాలను కొలుస్తారు. అమెరికన్లు సగటున తమ సున్నాను స్నేహితుల సున్నాల కన్నా 6 మిల్లీమీటర్లు పెద్దగా గీశారు. యూరప్‌వాళ్లు 3.5 మిల్లీమీటర్లు పెద్దగా, జపాన్‌వాళ్లు కొంచెం చిన్నగానే గీసుకున్నారు.

అమెరికన్ మనస్తత్వవేత్త థామస్ టాల్‌హెమ్ బృందం ఈ పరీక్షను చైనా విద్యార్థులకు పెట్టింది. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గోధుమ పండే ఉత్తరాది వాళ్లు తమ సున్నాను 1.5 మిల్లీమీటర్లు పెద్దగా గీశారు. వరి పండే దక్షిణాది వాళ్ల సున్నా స్నేహితుల సున్నాలతో దాదాపు సమానం. దేశం ఒకటే అయినా తేడా వచ్చింది. కారణం పంటలో ఉందని టాల్‌హెమ్ వాదన. గోధుమ వానకు పండుతుంది. వరికి నీరు నిలవాలి, పని గంటలు దాదాపు రెట్టింపు కావాలి. కాలువ పూడిక అందరూ కలిసి తీయాలి, నీళ్లు వంతుల ప్రకారం పంచుకోవాలి. ఆ పొలాల్లో ఎవరి బతుకు వాళ్లు బతకడం కుదరదు.

ఇది గోదావరి డెల్టా వాళ్లకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పటినుంచి అక్కడ తలుపులు లేచాకే మన సార్వాకు, అంటే వానాకాలం వరికి, నారుమళ్లు తడుస్తున్నాయి. ప్రధాన కాలువలోంచి పంట కాలువలోకి, అక్కడినుంచి బోదెలోకి, బోదెలోంచి చేలోకి నీరు వస్తుంది. ఎగువ చేను నిండితే గానీ దిగువకు రాదు. శివారు రైతు దాళ్వా (రెండో పంట) గట్టెక్కడం ఎగువనున్న పదిమంది మర్యాద మీద ఆధారపడి ఉంటుంది.

మనుషుల తీరు తిప్పడానికి నూట డెబ్బై ఏళ్లు చాలుతాయా? టాల్‌హెమ్ సిద్ధాంతం మీద గట్టి విమర్శలే వచ్చాయి. ఉత్తర, దక్షిణ చైనాల మధ్య తేడా పంట ఒక్కటే కాదు కదా అన్నారు. దానికి జవాబుగా 2024లో ఇంకో అధ్యయనం వచ్చింది. నింగ్‌షియా ప్రాంతంలో రెండు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలున్నాయి, ఒకదానిలో వరి, మరొకదానిలో గోధుమ. ఎవరు ఎక్కడికి వెళ్లాలో ప్రభుత్వమే నిర్ణయించింది. కొన్ని దశాబ్దాలకే వరి క్షేత్రంలో ‘మనం’ అనే ధోరణి ఎక్కువగా కనిపించింది. ఆ లెక్కన మన కాలువలకు కావలసినంత వ్యవధి దొరికినట్టే.

అయితే ‘మనం’ అనుకోవడమంటే ప్రేమగా ఉండడమని పొరబడకండి. ఈ విషయంలో ఉపన్యాసాలిచ్చే వాళ్లు ఎప్పుడూ శివారు పొలంలో రాత్రి కాపలా పడుకుని ఉండరు. వంతు నాటి రాత్రి టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట తిరిగేది దొంగల కోసం కాదు, పక్క చేను వాడి కోసం. గట్టు ఒక జానెడు జరిగిందని అన్నదమ్ములు కోర్టుకెక్కిన కథ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. దీన్ని కూడా కొలిచారు. సాటివాళ్లు తమకు ఎసరు పెడతారేమోననే జాగ్రత్త అమెరికన్ల కన్నా చైనావాళ్లలో ఎక్కువనీ, అందులోనూ వరి ప్రాంతాల్లో మరీ ఎక్కువనీ 2019 నాటి అధ్యయనం తేల్చింది. ఇరుగుపొరుగు మన ‘నేను’లో భాగమైతే మన భయాల్లోనూ భాగమే.

జపాన్‌వాళ్లు, అమెరికన్ల మీద 1989లో వచ్చిన మరో పరిశోధన నాకు చాలా ఇష్టం. ‘నేను ఎవరిని?’ అన్న ప్రశ్నకు ఇరవై జవాబులు రాయించే పరీక్ష 1954 నుంచీ ఉంది. ఊరికే అడిగితే అమెరికన్లు గుణాలు రాశారు: నేను నెమ్మదిని, పట్టుదల గలవాణ్ని. జపాన్‌వాళ్లు అలాంటివి తక్కువగా రాశారు. ‘ఇంట్లో నేను’, ‘స్నేహితుల దగ్గర నేను’ అని విడగొట్టి అడిగితే మాత్రం లెక్క తిరగబడింది. జపాన్‌వాళ్లే ఎక్కువ గుణాలు రాశారు. అంటే వాళ్లకు ‘నేను’ లేక కాదు, ఎవరి ముందు ఉన్న నేను అన్నది తేలాలి. అరుగు మీది పెద్దమనిషి అడిగిందీ అదే.

మొన్న సంక్రాంతికి మా పెదనాన్న చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చాను. ఇది పరిశోధన కాదు, పండగ పూట కాలక్షేపం. ఆయన సున్నాల పరిమాణం పట్టించుకోలేదు. బోదె ఎటునుంచి వస్తుందో అటునుంచి వరసగా అయిదు గీశారు. ఆ బోదె కింద చేలున్నవాళ్లు అయిదుగురే. చివరి సున్నా ఆయనది.

“వీళ్లంతా మీ స్నేహితులేనా?” అన్నాను.

“మూడోవాడితో పదేళ్లుగా మాటల్లేవు. అలాగని తీసేస్తే నీళ్లెలా వస్తాయిరా?”

వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు, నాలుగేళ్ల కిందట తన వాటా నేలను రొయ్యల చెరువు చేశాడు. బోరు వేసుకున్నాడు, నీటి వంతుతో పనిలేదు. చెరువులోని ఉప్పు ఊట తమ చేలోకి దిగుతోందని పెదనాన్న సణుగుతూనే ఉంటారు. రాత్రంతా చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి కాబట్టి తమ్ముడు చెరువు గట్టు మీద పాకలోనే పడుకుంటాడు. అతనికీ కాగితం ఇచ్చాను. మధ్యలో ఒక పెద్ద సున్నా గీసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని కాసేపు ఆలోచించాడు.

“మేత కంపెనీ ఆయన్ని కూడా వెయ్యనా, అన్నయ్యా?”