కూడలిలో తవ్వకాలు: అపోహలు, వాస్తవాలు

రోడ్డు వెడల్పు చేయడానికి ముందు పాత ఊరి కూడలిలో పురావస్తు తవ్వకాలకు మేము మేకులు దిగ్గొట్టి ట్రెంచ్‌కు (తవ్వబోయే గుంటకు) తాడు కట్టామో లేదో, చుట్టుపక్కల దుకాణాలవాళ్లు వచ్చి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఏదైనా దొరికితే మా షాపు పోతుందా?"

అపోహ: పాతవస్తువు బయటపడితే స్థలం సర్కారుదైపోతుంది.

పోదు. నాలుగు కుండపెంకులు, ఒక ఇటుక గోడ కనిపించినంత మాత్రాన ఎవరి పట్టా రద్దు కాదు. అందరూ చెప్పుకునే 100 మీటర్ల నిర్మాణ నిషేధం, దాని తర్వాతి 200 మీటర్ల ఆంక్షలు 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టంలోకి 2010 సవరణతో చేరాయి. కేంద్రం జాతీయ ప్రాముఖ్యం కలదిగా ప్రకటించిన కట్టడాల చుట్టూనే అవి వర్తిస్తాయి. అలా ప్రకటించాలన్నా ముందు గెజెట్‌లో నోటీసు వేసి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువు ఇవ్వాలి. రాత్రికి రాత్రి బోర్డు పాతేసి పోవడం కుదరదు.

పని ఆగుతుందన్న భయం మాత్రం నిజమే, దాన్ని కొట్టిపారేయను. అద్దె కట్టుకుంటూ మూసిన షట్టర్ ముందు కూర్చునేవాడికి చరిత్ర గొప్పదనం చెప్తే కడుపు నిండదు. అందుకే టెండర్లు పిలవకముందే తవ్వకాలు పూర్తిచేయమని మేము మొత్తుకునేది.

ఈ అపోహ వల్ల అసలు నష్టపోయేది దాచిపెట్టినవాళ్లే. ఒకచోట పునాది తీస్తుంటే ముంత దొరికిందని ఆ ఇంటి పెద్దాయన నెలల తర్వాత చెప్పారు. అందులోని రాగి నాణేలను ఇంట్లో అందరూ కలిసి చింతపండు పెట్టి తళతళలాడేలా తోమారట. అక్షరం ఒక్కటి మిగలలేదు. ముంత పగిలిపోయింది, అది ఏ మట్టి పొరలో ఉందో ఎవరికీ గుర్తులేదు. ఆయన మీద కోపం రాలేదు, కేసు పెడతారని ఆయన్ను బెదరగొట్టిన పక్కింటి మేధావి మీద వచ్చింది. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దానికి సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి నాలుగింట ఒక వంతు అని మూల చట్టమే చెబుతోంది. ప్రభుత్వం తీసుకుంటే వెల కట్టి తీసుకోవాలి. శిక్ష చెప్పినందుకు కాదు, దాచినందుకు!

అపోహ: ఒకసారి తవ్వితే ఇక కూడలి ఉండదు.

పోలండ్‌లోని క్రాకోవ్ నగర ప్రధాన కూడలిని 2005 నుంచి తవ్వారు. బయటపడిన మధ్యయుగపు బాటలను, అంగళ్ల పునాదులను 2010లో భూగర్భ మ్యూజియంగా తెరిచారు. పైన కూడలి ఎప్పటిలాగే జనంతో కిటకిటలాడుతోంది. అంత డబ్బు ఖర్చుపెట్టే స్థోమత మన పురపాలక సంఘాలకు లేదు, నిజమే. చాలాచోట్ల కొలతలు, ఫొటోలు, పటాలు తీసుకుని, ఇసుక పరిచి పూడ్చేస్తాం. దానిమీద రోడ్డు వేసుకోవచ్చు.

అపోహ: మీరు వెతికేది బంగారమే.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మాకు కావలసింది బూడిద గుంట, వరల బావి అడుగున పేరుకున్న బురద, మాడిన గింజలు. గుప్తనిధుల పేరుతో గుళ్లలో నంది కింద, గర్భగుడిలో తవ్వేవాళ్లు పాడుచేస్తున్నది ఇవన్నీ. అమరావతిలో 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించేటప్పుడు రాయి, ఇటుక కోసం బౌద్ధ మహాస్తూపం ఉన్న దీపాలదిన్నెను తవ్వించారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో చూసిన ఆ స్తూపం, ఆయన 1816లో మళ్లీ వచ్చేసరికి చాలావరకు పోయింది. ఊరి పునర్నిర్మాణానికి ముందు కాగితం మీద ఒక గీత గీసి ఉంచినా ఎంతో మిగిలేది.

ఇక మిగిలిన అపోహలు. పాము నిధికి కాపలా కాయదు, ఎలుకల కోసం వస్తుంది. రాతి విగ్రహానికి కార్బన్ డేటింగ్ (కార్బన్‌ను బట్టి వయసు లెక్కగట్టడం) జరగదు, దానికి బొగ్గో గింజో ఎముకో కావాలి. జేసీబీతో "పైపైన గీకడం" అనేది లేదు, దాని ఒక్క దెబ్బకు రెండు మూడు శతాబ్దాల మట్టి పొరలు లారీలోకి వెళ్లిపోతాయి. మీ పునాదిలో ఏదైనా కనబడితే కడగకండి, కదపకండి. పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫొటో తీసి తహసీల్దారు కార్యాలయంలో కలెక్టరు పేరిట రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.