గంజాయి కేసులో ల్యాబ్ రిపోర్టు: అపోహలు - వాస్తవాలు

విశాఖ వైపు ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసుల్లో ముద్దాయిల తరఫున వాదిస్తుంటాను. ముద్దాయి ఇంటివాళ్లు రాగానే అనే మాట ఒకటే: "ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు పాజిటివ్ అంట సార్, ఇంకేముంది?" (ఎఫ్‌ఎస్‌ఎల్ అంటే సరుకుని పరీక్షించే ఫోరెన్సిక్ ల్యాబ్.)

అపోహ: రిపోర్టులో గంజాయి అని వస్తే కేసు అయిపోయినట్టే.

ల్యాబ్ చెప్పేది తన బల్ల మీదికి వచ్చిన పొట్లం సంగతి. అది ఫలానా బస్తాలోదేనా అన్నది కెమిస్టుకి తెలిసే వీలు లేదు. అందుకే నేను ముందు చూసేది పొట్లం ప్రయాణాన్ని. సీళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయా, నమూనా సీలుతో సరిపోయాయా, పట్టుకున్న రోజుకీ ల్యాబ్‌కి చేరిన రోజుకీ మధ్య సరుకు ఎవరి దగ్గరుంది, మల్ఖానా (పట్టుకున్న సరుకు భద్రపరిచే గది) రిజిస్టర్ ఏమంటోంది? పంచనామాలో (సాక్షుల ఎదుట రాసే జప్తు పత్రంలో) శాంపిల్ 24 గ్రాములని రాసి, ల్యాబ్‌లో 31 తూగిందనుకోండి. తగ్గితే పచ్చి సరుకు ఆరిందనొచ్చు, పెరిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. (ల్యాబ్‌వాళ్లు కవరుతో కలిపి తూచారేమో ముందే చూసుకోండి. లేదంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మన పరువే పోతుంది.)

అపోహ: పట్టుకున్న చోట పోలీసులు వాడే పరీక్ష కిట్‌లో రంగు మారితే గంజాయే.

అది తొలి అంచనా మాత్రమే, వేరే పదార్థాలకీ రంగు రావచ్చు. కానీ ఆ రంగు మీద చాలా ఆధారపడి ఉంది. ప్యాకెట్లు సైజులో, బరువులో ఒకేలా ఉండి, అన్నిటికీ ఒకే రంగు వస్తే గంజాయిలో 40 ప్యాకెట్ల వరకు ఒక లాటుగా కట్టి, లాటుకో శాంపిల్ తీయొచ్చు. ప్రతి ప్యాకెట్‌కీ కిట్ పెట్టారా అని అడిగి చూడండి.

అపోహ: పట్టుకున్న చోట తీసిన శాంపిలే అసలైనది.

ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 52ఏ ప్రకారం శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుట తీయాలని 2016లో మోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ చట్టం కింద వచ్చిన 2022 రూల్స్‌లోనూ అదే ఉంది. అలాగని 52ఏ తప్పితే కేసు ఎగిరిపోతుందని క్లయింట్‌కి ఆశపెట్టకండి. ఆ ఒక్క లోపంతోనే విచారణ చెల్లకుండా పోదని 2025లో భారత్ ఆంబలే కేసులో తేల్చారు.

అపోహ: తూకం తూకమే.

20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపార పరిమాణం), తక్కువలో తక్కువ పదేళ్లు, బెయిలు మహా కష్టం. చట్టం దృష్టిలో పూత, కాయ ఉన్న కొనలే గంజాయి, అవి లేని ఉత్త ఆకు, గింజలు కావు. 21 కిలోల బస్తాలో గోనె బరువెంతో, కొనలున్నట్టు పంచనామాలో రాశారో లేదో చూడాలి.

అపోహ: ల్యాబ్ అధికారిని కోర్టుకి పిలవలేం.

క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం (పాత సీఆర్‌పీసీ 293, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 329 సెక్షన్) కింద రిపోర్టు సాక్షి లేకుండానే చెల్లుతుంది, కానీ కోర్టు అధికారిని పిలవచ్చు. సంతకం చేసినవారి హోదా ఆ సెక్షన్‌లో ఉందో లేదో కూడా చూడండి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఆనీ డూకన్ అనే కెమిస్టు కొన్ని శాంపిళ్లు పరీక్షించకుండానే రిపోర్టులిచ్చింది. 2017లో 21,000కు పైగా కేసులు కొట్టేశారు. అయినా నేను మాత్రం అధికారిని పిలిపించే ముందు రెండుసార్లు ఆలోచిస్తాను. మన దగ్గర సరైన ప్రశ్నలు లేకపోతే, రిపోర్టులోని ఖాళీలన్నీ ఆయనే బోనులో నిలబడి పూరించి వెళ్లిపోతారు.