ఇల్లు అమ్మేటప్పుడు కమీషన్ దగ్గర ఎంత మిగులుతుంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

పదహారేళ్లుగా హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు పాత ఫ్లాట్లు, ఇండిపెండెంట్ ఇళ్లు అమ్మిపెడుతున్నాను. మా ఇల్లు గడిచేది కమీషన్ మీదే. అయినా ఈ పోస్టు అమ్మేవాళ్ల వైపు నుంచి రాస్తున్నాను. ఇరవై ఏళ్లు ఈఎంఐ కట్టి సంపాదించుకున్న ఇంటిని అమ్ముకునే రోజున ఎవరికి ఎంత ఇవ్వాలో, దేనికి ఇవ్వాలో తెలియక లక్షలు పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను, చూసిన ప్రతిసారీ మనసుకు కష్టంగానే ఉంటుంది. శాతం దగ్గర గట్టిగా బేరమాడినవాళ్లే ఎక్కువ పోగొట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఎందుకో కింద చెబుతాను.

అపోహ: కమీషన్ 2 శాతం, అది గవర్నమెంటు రేటు.

అలాంటి రేటు లేదు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలని చెప్పింది కానీ కమీషన్ ఇంత అని ఎక్కడా నిర్ణయించలేదు. మన దగ్గర రీసేల్ ఫ్లాట్లకు అమ్మేవాళ్లు 1 శాతం, కొనేవాళ్లు 1 శాతం ఇవ్వడం ఎక్కువగా నడుస్తోంది, 2 శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. అదంతా వాడుకే కాబట్టి మాట్లాడుకోవచ్చు. 90 లక్షల ఫ్లాట్‌కు 1 శాతమంటే 90 వేలు, 2 శాతమంటే 1,80,000. నిజం చెప్పాలంటే 45 లక్షల ఫ్లాట్‌కూ కోటిన్నర ఫ్లాట్‌కూ మేం తిరిగే తిరుగుడు దాదాపు ఒకటే, అందుకని మీది ఖరీదైన ఇల్లయితే శాతం పక్కనపెట్టి ఒక మొత్తం మాట్లాడుకోండి, ఒప్పుకునేవాళ్లు ఉన్నారు.

ఎప్పుడు మాట్లాడుకోవాలన్నది ఇంకా ముఖ్యం. కొనే పార్టీని మొదటిసారి ఇంటికి తీసుకురాకముందే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు వేసి, ఫోటో దిగి బయటికొచ్చాక "అన్నా, కొంచెం తగ్గించుకో" అని మొదలుపెడితే అప్పటికి పని అయిపోయింది, ఆయన తగ్గడు, మీకు మనశ్శాంతి ఉండదు.

ఇంకొకటి అడగండి: "కొనేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటున్నావా?" తీసుకోవడం తప్పు కాదు, నేనూ తీసుకుంటాను, కానీ మీకు చెప్పి తీసుకోవాలి. ఎందుకంటే ఇక్కడొక లెక్క ఉంది. మీ ఇల్లు ఇంకో 2 లక్షలు ఎక్కువ పలికితే 1 శాతం మీద ఏజెంటుకు వచ్చేది 2 వేలు. ఆ 2 వేల కోసం ఇంకో నెల తిరగడం కంటే ఇప్పుడొచ్చిన పార్టీతోనే ముగించేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. "సార్, మార్కెట్ డల్‌గా ఉంది, ఇచ్చేయండి" అనే మాట చాలాసార్లు అక్కడి నుంచే వస్తుంది. దీనికి నేను చెప్పే ఉపాయం: 85 లక్షల దాకా ముప్పావు శాతం, ఆపైన ఎంత వస్తే దానిలో పదో వంతు అని మాట్లాడుకోండి. 90కి అమ్ముడైతే 63,750 ప్లస్ 50 వేలు, అంటే 1,13,750. మామూలు 1 శాతం కంటే 23,750 ఎక్కువే ఇస్తున్నారు, కానీ ఆ పై 5 లక్షల కోసం మనస్ఫూర్తిగా కష్టపడే మనిషి మీ పక్కన ఉంటాడు.

అపోహ: "నెట్ రేటు" ఇస్తే కమీషన్ మొత్తం మిగిలినట్టే.

అన్నింటికంటే నన్ను బాధపెట్టేది ఇది. "అమ్మా, మీకు చేతికి 72 లక్షలు ఇప్పిస్తాను, నాకు ఒక్క రూపాయి కమీషన్ వద్దు, పైన వచ్చింది నేను చూసుకుంటాను." వినడానికి ఎంత బాగుంటుందో! మాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇలాగే ఒప్పుకుంది. కొనేవాళ్లను ఆమెతో ఒంటరిగా మాట్లాడనివ్వలేదు, ఎప్పుడు ఇల్లు చూడటానికి వచ్చినా మధ్యవర్తి మధ్యలోనే. రిజిస్ట్రేషన్ రోజు కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నప్పుడు కొన్నవాళ్ల భార్య మాటల్లో అంది, "78 అంటే మాకు చాలా భారమైందమ్మా, మా నాన్న పొలం అమ్మి సర్దాడు" అని. టీచరమ్మకు నోట మాట రాలేదు. 1 శాతం ఇచ్చి ఉంటే 78 వేలతో పోయేది, 6 లక్షలు పోయాయి.

1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టంలో 216వ సెక్షన్ ఉంది. యజమాని తరఫున పని చేయాల్సిన ఏజెంటు ఆయనకు తెలియకుండా ఆ వ్యవహారాన్ని సొంత లాభానికి నడుపుకుంటే, ఆ లాభాన్ని యజమాని అడగవచ్చు. కానీ కోర్టుకెళ్లి రుజువు చేయడం మాటలు కాదు, అందులోనూ "పైన వచ్చింది నీదే" అని ముందే మీరు ఒప్పుకుని ఉంటే అసలు అడగడానికే నోరుండదు. అందుకే మొదట్లోనే జాగ్రత్తపడాలి. ధర ఖాయం చేసే రోజు కొనేవాళ్లు, మీరు ఒకే గదిలో కూర్చోవాలి. డబ్బు మొత్తం వాళ్ల బ్యాంకు ఖాతా నుంచి మీ ఖాతాకే రావాలి, కమీషన్ మీరు విడిగా ఇవ్వాలి.

దీనికే ఇంకో రూపం కూడా ఉంది. మధ్యవర్తే లక్ష రూపాయలు బయానా (అడ్వాన్సు) ఇచ్చి, మూడు నెలల గడువు పెట్టి, అగ్రిమెంటు తన పేరున రాయించుకుని, ఆ మూడు నెలల్లో ఎక్కువ ధరకు ఇంకొకరికి చూపించడం. అగ్రిమెంటులో "కొనుగోలుదారు లేదా వారు సూచించిన వ్యక్తి పేరున రిజిస్టర్ చేయుటకు" అనే ముక్క కనిపిస్తే సంతకం పెట్టకముందు ఆగి, ఆ సూచించే వ్యక్తి ఎవరని అడగండి. జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టి అమ్మే అధికార పత్రం) మాత్రం ఎంత నమ్మకస్తుడైనా మధ్యవర్తికి ఇవ్వకండి.

అపోహ: నలుగురైదుగురు మీడియేటర్లకు చెబితే పోటీ పెరిగి త్వరగా అమ్ముడవుతుంది, కమీషనూ తగ్గుతుంది.

ఒకే ఫ్లాటు ప్రకటనల సైట్లలో, 99ఏకర్స్‌లో 88 లక్షలు, మ్యాజిక్‌బ్రిక్స్‌లో 92, ఎవరిదో వాట్సాప్ గ్రూపులో 85 అని కనిపిస్తే కొనేవాడు 85 దగ్గరే బేరం మొదలుపెడతాడు. ఆరు నెలలుగా అందరి దగ్గరా తిరుగుతున్న ఇల్లంటే "ఏదో లిటిగేషన్ ఉందేమో" అని అనుమానం కూడా వస్తుంది. ఇంకో తలనొప్పి ఏమిటంటే, ఒకే పార్టీని ఇద్దరు తెస్తారు. ఒకాయన జనవరిలో చూపించాడు, వాళ్లే మార్చిలో ఇంకొకరితో వచ్చి కొన్నారు. ఇప్పుడు ఇద్దరూ కమీషన్ అడుగుతారు, గొడవ మీ ఇంటి గుమ్మం దగ్గర జరుగుతుంది. పంచాయితీ వద్దని ఇద్దరికీ ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు.

నా సలహా ఒక్కరికో ఇద్దరికో, 60 రోజుల గడువుతో ఇవ్వండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎవరు, ఏ తేదీన, ఏ పార్టీని తెచ్చారో రాసి, అదే రోజు ఆ మీడియేటరుకు వాట్సాప్‌లో పంపండి. రెండు నిమిషాల పని. గడువులో మీ బంధువులకో, పక్క ఫ్లాటువాళ్లకో మీరే అమ్ముకుంటే కమీషన్ ఉండదని కూడా ముందే చెప్పుకోండి.

అపోహ: మీడియేటరు లేకుండా అమ్మితే ఆ 1 శాతం మొత్తం మన జేబులోనే.

కొన్నిసార్లు నిజం. నేను ఈ పని చేస్తూ కూడా కొందరికి "మీకు నా అవసరం లేదు" అని చెప్పాను. గేటెడ్ కమ్యూనిటీలో, డిమాండ్ ఉన్న బ్లాకులో, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక ఉండటానికి ఇచ్చే అనుమతి), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) అన్నీ సరిగ్గా ఉన్న ఫ్లాటయితే మొదట మీ అసోసియేషన్ గ్రూపులో పెట్టండి. అదే బిల్డింగులో అద్దెకుంటూ కొనాలనుకునేవాళ్లు, అమ్మానాన్నలకు దగ్గర్లో ఇంకో ఫ్లాటు కావాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మీ ఇంట్లోనే అద్దెకుంటున్నవాళ్లను కూడా అడగండి, చాలామంది మొహమాటపడి అడగరు. ఒక నెల ఇలా ప్రయత్నించాకే మా దగ్గరికి రండి.

అయితే కొనేవాళ్లకూ లెక్కలు తెలుసు. "మీకు కమీషన్ లేదు కదా, అది మాకు తగ్గించండి" అని సగం వాళ్లడుగుతారు. మీరు ఉద్యోగం చేస్తుంటే రోజుకు పది ఫోన్లు, ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా వచ్చేవాళ్లు, ఈస్ట్ ఫేసింగ్ కాదని గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వెళ్లేవాళ్లు, ఇవన్నీ భరించాలి. పైగా ఆషాఢం, మూఢం వస్తే అడ్వాన్సు ఇచ్చేవాళ్లే ఉండరు, అప్పుడు కంగారుపడి ధర తగ్గించకూడదు. మీరు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండి ఇక్కడ తాళం తీసే మనిషి లేకపోతే, లేదా అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే, మంచి ఏజెంటుకు ఇచ్చే 1 శాతం దండగ కాదు.

అపోహ: కాగితాల పని అంతా ఏజెంటే చూసుకుంటాడు, దానికే కదా కమీషన్.

కమీషన్ తగ్గించమని అడగడానికి మీ చేతిలో ఉన్న మంచి ఆయుధం కాగితాలే. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే కాగితం) మీరే తీసుకోవచ్చు, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు ఉందేమో చూసుకోవచ్చు. మీ బిల్డింగులోనే ఈమధ్య అమ్ముడైన ఫ్లాటు నంబరు తెలిస్తే దాని ఈసీలో రిజిస్టరైన ధర కూడా కనిపిస్తుంది. చేతులు మారిన అసలు ధర అదే కాకపోవచ్చు, కానీ గాలిలో అంకె చెప్పడం కంటే అది నయం. ఇంటి పన్ను బకాయి, కరెంటు బిల్లు, సొసైటీకి బాకీ లేదనే నో డ్యూ కాగితం ముందే సిద్ధంగా ఉంచండి.

లోన్ ఉంటే ఇంకా ముందు మొదలుపెట్టాలి. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను వ్యక్తులు ముందే తీర్చేస్తే అదనపు ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మొత్తం కట్టాక 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకు తిరిగి ఇవ్వాలి. 2023 డిసెంబర్ నుంచి, బ్యాంకు వైపు నుంచి ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం ఉంది. చాలామంది ఇక్కడే మర్చిపోయేది ఒకటుంది: లోన్ తీరినా ఈసీలో బ్యాంకు తనఖా ఎంట్రీ అలాగే ఉంటుంది, దాన్ని రద్దు చేయించుకోవాలి. లేకపోతే కొనేవాళ్ల బ్యాంకు అడ్డం పెడుతుంది, ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో మీ ధర తగ్గుతుంది.

అపోహ: కమీషన్ క్యాష్‌లో ఇస్తే జీఎస్టీ మిగులుతుంది.

ఏజెంటుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కమీషన్ మీద 18 శాతం వేస్తాడు, 90 వేలకు 16,200. నంబరు లేనివాళ్లు జీఎస్టీ అడగకూడదు, అడిగితే నంబరు చూపించమనండి. అయితే ఖాతా ద్వారా ఇచ్చి బిల్లు తీసుకున్న కమీషన్‌ను మీ క్యాపిటల్ గెయిన్స్ (ఇల్లు అమ్మిన లాభం) లెక్కలో అమ్మకపు ఖర్చుగా తీసేసుకోవచ్చు. 12.5 శాతం పన్ను పడే లాభమైతే 90 వేల మీద 11,250 మిగులుతుంది. క్యాష్ ఇచ్చి కాగితం లేకపోతే అది చూపించుకోలేరు. అలాగే బయానా కింద 20 వేలు, అంతకంటే ఎక్కువ క్యాష్‌గా తీసుకోకండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడవచ్చు, అది పడేది తీసుకున్న మీకే.

అమ్మే మీరు ఇండియాలోనే నివసించేవాళ్లయితే, 50 లక్షలు, ఆపైన ధర ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) పట్టుకుని మీ పాన్ మీద కడతారు. అది కమీషన్ కాదు, మీ డబ్బే, రిటర్నులో లెక్కకొస్తుంది. టెన్షన్ పడకండి.

అపోహ: రెరా నంబరు ఉంటే చాలు, మోసం ఉండదు.

రెరాలో ఏజెంటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది రెరాలో నమోదైన ప్రాజెక్టుల అమ్మకాలకు. మీ పదిహేనేళ్ల నాటి ఫ్లాటు రీసేల్ దాని కిందికి రాదు. నంబరుంటే మంచిదే, అడగండి, కానీ దాంతో పాటు ఆయన ఈమధ్య ఇల్లు అమ్మిపెట్టిన ఇద్దరి ఫోన్ నంబర్లు కూడా అడిగి మాట్లాడండి.

అపోహ: మనవాడే కదా, కమీషన్ గురించి ముందే మాట్లాడితే బాగుండదు.

మొహమాటం వల్ల పోయినంత డబ్బు బేరం రాకపోవడం వల్ల పోలేదు. తెలిసినవాడు "మీ ఇష్టం అన్నా, ఎంతిస్తే అంత" అంటాడు, చివరికి మీరిచ్చింది ఆయనకు తక్కువనిపిస్తుంది, పదేళ్ల స్నేహం పోతుంది. వేరే ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యేదాకా ఏజెంటుకు ప్రతిఫలం రాదని అదే కాంట్రాక్ట్ చట్టం 219వ సెక్షన్ చెబుతుంది. మన దగ్గర మాత్రం సగం అగ్రిమెంటు రోజు, సగం రిజిస్ట్రేషన్ రోజు ఇవ్వడం అలవాటు. అలా ఇస్తే, డీల్ మధ్యలో ఆగిపోతే ఆ సగం తిరిగి ఇస్తాడా లేదా అన్నది కూడా ముందే రాసుకోవాలి.

పోయినేడాది మా పెద్దమ్మ కొడుకు నిజాంపేట ఫ్లాటు నేనే అమ్మిపెట్టాను. తాళం తీసుకున్న రోజే వాట్సాప్‌లో పంపాను: "అన్నా, ముప్పావు శాతం, రిజిస్ట్రేషన్ రోజు, ఖాతాకు, బిల్లు ఇస్తాను. కొనేవాళ్ల దగ్గర 1 శాతం తీసుకుంటున్నాను. 60 రోజులు నాకే. డీల్ ఆగిపోతే ఏమీ వద్దు." సాయంత్రానికి జవాబొచ్చింది, "సరే తమ్ముడూ, వదిన కూడా చదివింది" అని.