గ్యాస్ వాసన వస్తే స్విచ్ జోలికి పోకండి

చిట్టీ, నానీ,

బడి నుంచి వచ్చాక పాలు మీరే కాచుకుని తాగుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నా.

మీ అమ్మ మీ ఈడులో ఉన్నప్పటి సంగతి. ఒక తెల్లవారుజామున కాఫీ పెడదామని లేచాను. వంటింటి గుమ్మం దగ్గరే కుళ్లిన ఉల్లిపాయ లాంటి కంపు కొట్టింది. అంతా చీకటి. అలవాటు కొద్దీ చెయ్యి స్విచ్ బోర్డు మీదికి పోయింది. "లైటు వెయ్యకు!" అని వెనక నుంచి తాతయ్య పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. చీకట్లోనే తడుముకుంటూ పెరటి తలుపు, కిటికీలు బార్లా తీశాం. ఆయన వెళ్లి రెగ్యులేటర్ కట్టేశారు. తెల్లారాక పైపుకి సబ్బునీళ్లు రాసి చూశాం. స్టవ్‌కి తగిలించిన చోట వెంట్రుకంత చీలిక. బండ మీది రెగ్యులేటర్ తిప్పగానే అక్కడ సన్నగా బుడగలు లేచాయి. ఇంత చిన్న చీలిక! వెంటనే మళ్లీ కట్టేసి, ఆ పూటే పైపు మార్పించారు.

లైటు వేస్తే ఏమవుతుందంటారా? స్విచ్ వేసినా, తీసినా లోపల కంటికి కనపడని నిప్పురవ్వ పుడుతుంది. గాలిలో నూటికి రెండు పాళ్లు గ్యాస్ కలిస్తే చాలు, ఆ రవ్వకే భగ్గుమంటుంది. అందుకే వెలుగుతున్న లైటును ఆర్పకూడదు, ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వెయ్యకూడదు. గ్యాస్ గాలికన్నా బరువు. పైకి పోకుండా నేల పట్టుకుని, మంచాల కిందా మూలల్లోనూ చేరుతుంది. నిజానికి దానికి వాసనే లేదు. కారితే మనకు తెలియాలని ఆ కంపు కావాలని కలుపుతారు. కాబట్టి మీ ముక్కు చెప్పిన మాట నమ్మండి. "ఏదో వాసనలే" అనుకోవద్దు.

పెద్దవాళ్లు లేనప్పుడు వాసన వస్తే తలుపులు తీసుకుంటూ బయటికి వచ్చేయండి. కంపు మరీ ఎక్కువగా ఉంటే లోపల ఒక్క క్షణం కూడా ఆగొద్దు. పక్కింటి వాళ్లను పిలవడానికి కాలింగ్ బెల్ నొక్కకండి, తలుపు కొట్టండి. బయట, దూరంగా నిలబడ్డాకే ఫోను తీసి 1906కి చెయ్యండి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మంట లేస్తే 101.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకండి. నీళ్లు కాగే నూనె అడుగుకి చేరి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను మీ మొహం మీదికి చిమ్ముతాయి. చెయ్యి అందితే స్టవ్ కట్టేసి మూత జరిపి మూసేయండి, అందకపోతే బయటికి పరుగెత్తండి. బట్టలకు అంటుకుంటే మాత్రం పరుగెత్తకూడదు, నేల మీద పడి దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు ధారగా పడనివ్వండి. మా చిన్నప్పుడు సిరా పోసేవాళ్లు, ఇప్పుడు టూత్‌పేస్ట్ రాస్తున్నారు. రెండూ తప్పే.

ఇవాళ నాన్న రాగానే మీ పైపు మీద అచ్చు వేసిన సంవత్సరం చూడమనండి. ఐదేళ్లు దాటితే మార్చాల్సిందే. ఏ సంవత్సరం ఉందో రాత్రికి నాకు ఫోను చేసి చెప్పండి, మేలుకునే ఉంటాను.

మీ అమ్మమ్మ