బోర్లా పడుకోబెట్టే చికిత్స: ఊపిరితిత్తుల వెనుక భాగం కథ

కోవిడ్ రెండో విడత ఉద్ధృతంగా ఉన్న 2021 ఏప్రిల్‌లో, ఆక్సిజన్ తగ్గినవారు బోర్లా పడుకోవాలన్న కేంద్ర ఆరోగ్య శాఖ సూచన దేశమంతటా ఫోన్లలో తిరిగింది. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు పెద్ద ఆసుపత్రి అంటే బరంపురం వైద్య కళాశాల గానీ, సరిహద్దు దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం గానీ కనుక, ఇంట్లోనే చేసుకోగల ఈ ఉపాయం ఇక్కడి వారికి ఎంతో ధైర్యాన్నిచ్చింది. అయితే దీన్ని వంటింటి చిట్కాలా చూసినవారే ఎక్కువ. నిజానికి మందుకు ఉన్నట్టే దీనికీ మోతాదు ఉంది, ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో చెప్పే నియమమూ ఉంది.

ఊపిరితిత్తుల కణజాలంలో ఎక్కువ భాగం ఛాతీ ముందువైపు కాకుండా వీపు వైపున ఉంటుంది. మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు గుండె బరువు కొంత ఆ భాగం మీద పడుతుంది, పొట్టలోని అవయవాలు కూడా ఛాతీకి, పొట్టకు మధ్య అడ్డుతెరలా ఉండే కండరాన్ని (ఉదరవితానాన్ని) వెనుకవైపున ఎక్కువగా పైకి నెడతాయి. ఆరోగ్యవంతుడికి ఇది లెక్కలోకి రాదు. తీవ్రమైన న్యుమోనియాలోనో, ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని శ్వాస అందని, వైద్యులు ఏఆర్‌డీఎస్ అని పిలిచే స్థితిలోనో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరినప్పుడు మాత్రం, తడిబట్టల మూటలో అడుగున ఉన్న బట్టలు పైబరువుకు నలిగినట్టు, వీపు వైపు గాలిగదులు తమ పైనున్న ఊపిరితిత్తి బరువుకే మూసుకుపోతాయి. రక్తం మాత్రం ఆ భాగానికి ప్రవహిస్తూనే ఉంటుంది, కానీ అక్కడ గాలి లేనందువల్ల ఆక్సిజన్ అందుకోకుండానే గుండెకు తిరిగి వస్తుంది. రోగిని బోర్లా తిప్పినప్పుడు గుండె రొమ్ము ఎముక మీదికి ఒరుగుతుంది, వీపు వైపు గాలిగదులు తెరుచుకుంటాయి. విశేషమేమిటంటే, బోర్లా ఉన్నప్పుడు కూడా రక్తప్రవాహంలో అధిక భాగం వీపు వైపుకే సాగుతుంది కనుక, గాలి, రక్తం మళ్లీ ఒకే చోట కలుసుకుంటాయి.

తీవ్రరోగులను ఇలా తిప్పితే ఆక్సిజన్ పెరుగుతుందని 1970లలోనే వైద్యులు గమనించారు. కానీ 2001లో ఇటలీకి చెందిన గాటినోని బృందం 304 మందిపై జరిపిన పరీక్షలో ఆక్సిజన్ మెరుగుపడినా మరణాలు తగ్గలేదు. ఆ పరీక్షలో రోగులు రోజుకు సగటున ఏడు గంటలే బోర్లా ఉన్నారు. 2013లో ఫ్రాన్స్‌కు చెందిన గెరాన్ బృందం, వెంటిలేటర్ మీదున్న తీవ్రరోగులనే ఎంచుకుని, ఒక్కో విడతకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచింది. ఆ 466 మందిలో వెల్లకిలా ఉంచినవారిలో 28 రోజుల్లో 32.8 శాతం మంది మరణించగా, బోర్లా ఉంచినవారిలో మరణించినవారు 16 శాతమే. ఇంతటి తేడా తీవ్రచికిత్సలో అరుదు. దీనికి ఆక్సిజన్ పెరగడం ఒక్కటే కారణం కాదనీ, బోర్లా ఉన్నప్పుడు వెంటిలేటర్ ఒత్తిడి ఊపిరితిత్తులన్నిటా సమంగా పడి, ఆ యంత్రం వల్లే కలిగే గాయం తగ్గుతుందనీ నిపుణుల అభిప్రాయం. నాకూ ఇదే సబబనిపిస్తుంది, ఎందుకంటే 2001లో కూడా ఆక్సిజన్ పెరిగింది, కానీ ప్రాణాలు నిలవలేదు.

స్పృహలేని రోగిని తిప్పడం తేలిక పని కాదు. తల దగ్గర నిలబడినవారు గొంతులోని గొట్టాన్ని ఒక చేత్తో పట్టుకుని లెక్క చెబుతుంటే, ఇరువైపులా ఉన్న నలుగురు దుప్పటి అంచులు చుట్టి పట్టుకుని, రోగిని ముందు మంచం అంచుకు జరిపి, తర్వాత పక్కకు, ఆపైన బోర్లా తిప్పుతారు. కళ్లకు ముందే మందు వేసి మూస్తారు. తలను, చేతులను కొన్ని గంటలకొకసారి మార్చకపోతే చెంప మీద, గడ్డం మీద పుండ్లు పడతాయి, భుజం నరాలు దెబ్బతింటాయి.

స్పృహలో ఉన్నవారి విషయంలో ఫలితం ఇంతకంటే తక్కువ. ఆరు దేశాల్లో 1,126 మంది కోవిడ్ రోగులపై చేసిన పరీక్షలో వెంటిలేటర్ కోసం గొంతులో గొట్టం వేయవలసి రావడం లేదా మరణించడం 46 శాతం నుంచి 40 శాతానికి తగ్గింది, అదీ ప్రధానంగా గొట్టం అవసరం తగ్గడం వల్లనే. కేంద్ర ఆరోగ్య శాఖ సూచన ప్రకారం రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే ఆక్సీమీటర్ 94 కంటే తక్కువ చూపినప్పుడు మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల వరకు ఒకటో రెండో, పిక్కల కింద రెండు దిండ్లు పెట్టుకోవాలి. భోజనమైన గంట వరకు బోర్లా పడుకోకూడదు. గర్భిణులు, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారు, వెన్నెముక, తొడ, కటి ఎముకలు విరిగినవారు దీని జోలికి వెళ్లకూడదు. గజపతి జిల్లా కొండ ఊళ్లలో అంబులెన్స్ వచ్చేదాకా ఇలా ఉంచడం మంచిదే, కానీ అంకె కాస్త పెరిగిందని అంబులెన్స్‌ను వెనక్కి పంపడం ప్రమాదకరం.

పసిపిల్లల విషయం పూర్తిగా వేరు. నెలలు నిండకుండా పుట్టిన శిశువులను ఆసుపత్రిలో యంత్రాల పర్యవేక్షణలో బోర్లా ఉంచితే శ్వాస మెరుగవుతుంది. అదే శిశువును ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు బోర్లా పడుకోబెడితే నిద్రలోనే హఠాత్తుగా మరణించే ముప్పు పెరుగుతుంది. పిల్లలను వెల్లకిలా నిద్రపుచ్చమని అమెరికాలో 1994 నుంచి ప్రచారం చేశాక, ఆ మరణాలు కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గాయి. బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచే మన ఇళ్లలో, మెలకువగా ఉన్నప్పుడు పెద్దల కళ్లెదుట బోర్లా ఆడుకోనివ్వడంలో తప్పేమీ లేదు, అది మెడకు, భుజాలకు బలమిస్తుంది. ఒడియా మాట్లాడే నర్సు, తెలుగు మాత్రమే తెలిసిన అమ్మమ్మ ఎదురెదురుగా నిలబడే ఈ సరిహద్దు ఆసుపత్రుల్లో, బిడ్డను ఇంటికి పంపే రోజున ఈ తేడాను అమ్మమ్మకు తెలుగులోనే వివరంగా చెప్పి పంపాలి.