ఏకగ్రీవంగా అని రాసింది నేనే

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

దసరాకు మీరంతా వచ్చినప్పుడు భోజనాల దగ్గర పెద్దది ఒక మాట అంది. విజయవాడలో తను చేరిన కంపెనీలో ఏదో మీటింగ్ జరిగిందట. తనకు నచ్చని నిర్ణయం తీసుకున్నారట. "మరి నువ్వేమన్నావే?" అని నాయనమ్మ అడిగితే, "అందరూ సరేనన్నారు. నేను చేరి ఆరు నెలలు కూడా కాలేదు. ఒక్కదాన్నే ఏమంటాను?" అంది. ఆ మాట అక్కడితో అయిపోయింది. ఎవరో పెరుగు అడిగారు, ఇంకెవరో ఫోన్ తీశారు. నాకు మాత్రం ఆ తర్వాత ముద్ద దిగలేదు. ఎందుకో మీకెవరికీ చెప్పలేదు. మీ నాన్నలకు కూడా ఇన్నేళ్లలో చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. పదో తరగతి చదివే చిన్నవాడికి కూడా అర్థమయ్యేలా రాస్తాను, అందరూ చదవండి.

నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్లు రాశానని మీకు తెలుసు. అక్కడ జరిగే పని చిన్నవాళ్లకు తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. ఎండాకాలం ముందు నుంచి మిర్చి యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే గోనె బస్తాలు, లారీల మీద వస్తాయి. ధర నచ్చని రైతు అప్పటికప్పుడు అమ్మడు. సరుకు తెచ్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, సరుకు దాచినట్టు మేం ఇచ్చే బాండు కాగితం చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. చల్లగా ఉంటే కాయకు రంగు పోదు, పురుగు పట్టదు. రంగు పోయిందా, ఎంత కారం ఉన్న కాయైనా ధర పడిపోతుంది. అంటే ఆ రైతు ఏడాది కష్టమంతా గదులను చల్లబరిచే మా కంప్రెసర్ యంత్రం చేతిలో ఉన్నట్టే.

1990ల్లో ఒక ఏప్రిల్ నెల. మాకు రెండు కంప్రెసర్లు ఉండేవి. ఒకటి నెల రోజులుగా వేరే శబ్దం చేస్తోంది. ఆపరేటర్ ముందురోజు రాత్రి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఇది విప్పి చూడాల్సిందే సార్, మే నెల దాటదు" అన్నాడు. విప్పితే ఎనిమిది రోజులు పడుతుందని మెకానిక్ చెప్పాడు. అన్ని రోజులూ కొత్త సరుకు దించుకోకూడదు. బయట చూస్తే లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మనం వద్దంటే పక్క స్టోరేజీకి పోతాయి.

మర్నాడు భాగస్తులంతా ఆఫీసు గదిలో కూర్చున్నారు. ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. "మొన్నటిదాకా నడిచింది కదా, ఇంకో నెల నడవదా?" అన్నారు ఒకరు. మిగతావాళ్లు తలూపారు. ఆపరేటర్ తలుపు బయటే నిలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. పిలవమని నేనూ అనలేదు. తీర్మానాల పుస్తకంలో "కంప్రెసర్ మరమ్మతు సీజను అయ్యాక చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాశాను. నా దస్తూరి బాగుంటుందని ఆ పుస్తకం నాకిచ్చారు. ఏకగ్రీవంగా అన్న మాట మాత్రం ఎవరూ చెప్పింది కాదు. అలవాటుగా నా చేత్తో నేనే రాశాను.

మే నెలలో కంప్రెసర్ ఆగిపోయింది. రెండోది ఒక్కటే ఆ భారం లాగలేకపోయింది. రెండు రాత్రులు, ఒక పగలు. థర్మామీటర్ తలుపు పక్కన, మనిషి ఎత్తులో ఉండేది. అక్కడ పెద్దగా తేడా కనిపించలేదు. పై అంతస్తులో పై వరస టిక్కీలకు మాత్రం చెమ్మ పట్టింది. సంగతి మాకు తెలుసు. మళ్లీ అదే గదిలో అదే మనుషులు కూర్చుని, "ఇప్పుడు చెబితే రైతులంతా ఒక్కసారిగా వచ్చిపడతారు, చల్లదనం వచ్చింది కదా, సర్దుకుంటుంది" అనుకున్నారు. ఈసారి పుస్తకంలో ఏమీ రాయవద్దన్నారు. రాయలేదు.

ఆగస్టులో సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు తన సరుకు విడిపించుకోవడానికి వచ్చాడు. టిక్కీ విప్పితే లోపల బూజు. అతను కేకలు వేయలేదు. మా వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుని మంచి కాయలు ఒకవైపు, పాడైనవి ఒకవైపు ఏరుకుంటూ మధ్యాహ్నం దాకా ఉన్నాడు. వెళ్లేటప్పుడు నన్ను ఒక్కటే అడిగాడు. "ఆ రోజే కబురు చేసుంటే ఆ వారమే అమ్ముకునేవాణ్ణి కదండీ, అప్పుడు ధర కూడా బాగుండె. ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. కంప్రెసర్ మరమ్మతు వాయిదా వేయడం తప్పు అంచనా. అంచనాలు ఎవరికైనా తప్పుతాయి. చెప్పకపోవడం అలాంటిది కాదు. అది తెలిసి చేసిన పని.

ఆ తర్వాత నాకు ఒక అలవాటు పట్టుకుంది. పేపర్లో ఏ కంపెనీ కష్టాల్లో పడ్డా, ఎక్కడ ప్రమాదం జరిగినా, ఆ నిర్ణయం తీసుకున్న గదిలో ఎవరున్నారు, నష్టపోయినవాళ్లు ఎక్కడున్నారు అని వెతుక్కుంటాను. దాదాపు ప్రతిసారీ వాళ్లు గది బయటే ఉంటారు.

చాలెంజర్ అనే అమెరికా అంతరిక్ష నౌక గురించి మీలో కొందరు చదివే ఉంటారు. 1986 జనవరి 28న ఎగిరిన 73 సెకన్లకే పేలిపోయింది, ఏడుగురు చనిపోయారు. అందులో ఒక బడి టీచరమ్మ కూడా ఉంది. బూస్టర్ రాకెట్ల అతుకుల్లో వేడి గ్యాసు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు చలికి బిరుసెక్కడం కారణమని తర్వాత తేల్చారు. ముందురోజు రాత్రి ఫోన్ మీద పెద్ద మీటింగే జరిగింది. ఆ బూస్టర్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు సుమారు 12 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఎగరనివ్వద్దని గట్టిగా చెప్పారు. మర్నాటి ఉదయం గడ్డకట్టే చలి ఉంటుందని అందరికీ తెలుసు. అయినా అంతరిక్ష సంస్థ అధికారులు ఒత్తిడి చేశారు. కంపెనీవాళ్లు కాసేపు ఫోన్ పక్కన పెట్టి తమలో తాము మాట్లాడుకున్నారు. చివరకు ఇంజనీర్లను వదిలేసి నలుగురు మేనేజర్లే నిర్ణయించారు. ఇంజనీరుగా ఆలోచించడం మాని మేనేజరుగా ఆలోచించమని ఆ నలుగురిలో ఒకరికి పైఅధికారి చెప్పినట్టు విచారణలో బయటపడింది.

ఇందులో రెండు సంగతులు గమనించండి. అంతకుముందు వెళ్లి క్షేమంగా వచ్చిన నౌకల్లో కూడా ఆ రింగులు కాలిన గుర్తులు కనిపించాయి. ఏమీ కాలేదు కాబట్టి ఫరవాలేదు అనుకుంటూ వచ్చారు. మా గదిలో అన్న "మొన్నటిదాకా నడిచింది కదా" కూడా ఇదే మాట. రెండోది ఇంకా ముఖ్యం. ఎగరడం క్షేమమని రుజువు చూపించండి అని అడగాల్సిన చోట, క్షేమం కాదని రుజువు చూపించండి అని ఇంజనీర్లనే నిలదీశారు. మీటింగుల్లో ప్రశ్న ఇలా తిరగబడటం మీరు ముందుముందు చాలాసార్లు చూస్తారు. భయం చెప్పినవాడు రుజువు తేవాలి, తొందరపడేవాడు ఏమీ తేనక్కర్లేదు. అలా జరుగుతోందని కనిపెట్టగలిగితే సగం పని అయినట్టే.

మన దగ్గర 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ అనే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి పక్క ఊళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పిన ఒక సంగతి చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ట్యాంకులో వేడిని అడుగునే కొలిచేవారు, పైన, మధ్యలో ఎంత ఉందో చూసే ఏర్పాటు లేదు. నాకు మా తలుపు పక్కన థర్మామీటర్ కళ్ల ముందు కనిపించింది. సైరన్ కూడా మోగించలేదు. నిద్రలో ఉన్న ఊరికి ఎవరూ చెప్పలేదు.

ఇక హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్. అప్పటికి మీరు పుట్టలేదు, పెద్దది మాత్రం చిన్నపిల్ల. 2008 డిసెంబర్ 16న ఆ కంపెనీ బోర్డు, యజమాని కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలని ఆమోదించింది. ఇంగ్లీషులో సత్యం అక్షరాలను వెనక నుంచి చదివితే మేటాస్ అవుతుంది. బోర్డులో బయటి నుంచి వచ్చిన స్వతంత్ర డైరెక్టర్లు ఉన్నారు, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు. గదిలో లేని వాటాదారుల తరఫున అడగడానికే వాళ్లకు ఆ కుర్చీలు. అయినా ఆమోదం పడింది. వాటాదారులు బయట నుంచి గొడవ చేస్తే గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికి వచ్చింది. లెక్కల్లో చూపించిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేనే లేదని అందులో రాశారు. మొదట్లో కొద్దిపాటి తేడానే ఉండేదని, ఏటేటా పెరిగిపోయిందని, అది పులి మీద స్వారీలా అయిందని కూడా రాశారు. 2015లో కోర్టు శిక్ష వేసింది.

లెక్కలు రాసినవాడిగా నేను ఒకటి చెప్పగలను. అంత తేడా ఒక్క రాత్రిలో పుట్టదు. మొదటి ఏడాది అది చిన్న తేడా. అప్పుడు చెప్పి ఉంటే ఒక ఏడాది లాభం తగ్గేది, వాటా ధర పడేది, కొందరు తిట్టేవారు. అంతే. ఆ రైతు నన్ను అడిగిన ప్రశ్నే ఇది కూడా. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

ముందే చెప్పినవాళ్లు ఎక్కడా లేరనుకోవద్దు. 1982లో అమెరికాలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మాత్రల్లో సైనైడ్ విషం కలిపితే ఏడుగురు చనిపోయారు. తప్పు ఆ మాత్రలు తయారుచేసే కంపెనీది కాదు. అయినా సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు అంగళ్ల నుంచి వెనక్కు రప్పించారు. ఆ నష్టం 10 కోట్ల డాలర్లు దాటింది. తర్వాత ఎవరైనా మూత తీస్తే తెలిసిపోయేలా కొత్త సీలుతో మళ్లీ అమ్మారు. జనం మళ్లీ కొన్నారు.

సత్యం తర్వాత మన దేశంలో 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చింది. డైరెక్టర్ అన్నవాడు వాటాదారుల మేలే కాదు, ఉద్యోగుల, చుట్టూ ఉన్న జనం, పర్యావరణం మేలు కూడా చూడాలని 166వ సెక్షన్‌లో రాశారు. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ బోర్డులో కనీసం మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలి. మంచి చట్టమే. కానీ కుర్చీ వేయడం వరకే చట్టం చేయగలదు. అందులో కూర్చున్నవాడు నోరు విప్పాలి కదా.

మళ్లీ మా ఊరి సంగతికి వస్తాను. ఆ ఏడాది భాగస్తుల్లో పెద్దాయన ఒకరు, బాండు వెనక ఏం రాసి ఉన్నా సరే, పాడైన సరుకుకు డబ్బు కట్టాలని పట్టుబట్టారు. కొంత కట్టారు. మొత్తం కట్టలేదు. తర్వాతి సీజనుకు ముందు జరిగిన మీటింగుకు ఆ పెద్దాయనే ఆపరేటర్‌ను, హమాలీల ముఠా మేస్త్రీని లోపలికి పిలిపించారు. ఇద్దరికీ కుర్చీలు వేయించారు. ఆపరేటర్ రెండో కంప్రెసర్‌ను కూడా ఇప్పుడే విప్పాలన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "టిక్కీకి ఇంత అని కూలి మాది, తొమ్మిది రోజులు గేటు మూస్తే మా ఇళ్లలో పొయ్యి వెలగదు" అన్నాడు. అదీ నిజమే. అంతకుముందు మా ఎవరికీ ఆ సంగతి తట్టనే లేదు. మంచి నిర్ణయానికైనా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. అది ఎవరో పేరు పెట్టి చెప్పుకోకపోతే, ఎప్పుడూ గది బయట ఉన్నవాడి మీదే పడుతుంది. గంటన్నర వాదించుకున్నాక తొమ్మిది రోజులు మూశాం. హమాలీలకు ఆ రోజులకు సగం కూలి ఇచ్చాం. థర్మామీటర్లు పై వరసకు కూడా పెట్టించాం. కొన్ని లారీలు పక్క స్టోరేజీకి పోయాయి, వాటిలో కొన్ని మరుసటి ఏడాది కూడా తిరిగి రాలేదు.

ఆ రోజు పుస్తకంలో ఒక పేజీ నిండా రాశాను. ఎవరు ఏమన్నారు, ఎవరు వద్దన్నారు, ఎందుకు వద్దన్నారు, ఎవరికి ఎంత నష్టం పడుతుంది అన్నీ రాశాను. ఏకగ్రీవంగా అన్న మాట రాయలేదు.

పెద్దమ్మాయీ, ఇప్పుడు నీతో ఒక్కదానితో. నీ ఉద్యోగం పోవాలని నేను కోరుకోను. అరిచి గొడవ చేయమనీ చెప్పను. మీటింగ్ అయ్యాక అక్కడ ఏం తేల్చారో రాసిన మినిట్స్ పంపిస్తారు కదా. అవి వచ్చినప్పుడు మర్యాదగా నాలుగు వాక్యాలు రాసి పంపు. నీకు నచ్చనిదేమిటో, దానివల్ల ఎవరికి దెబ్బ తగులుతుందనుకుంటున్నావో, ఏం కనుక్కుంటే నీ సందేహం తీరుతుందో రాయి. నీ అనుమానమే తప్పు కావచ్చు, అలాగైతే వాళ్లే చెబుతారు, నువ్వూ నేర్చుకుంటావు. రాసేముందు ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో వాళ్లలో ఒకరితోనైనా మాట్లాడు. నేను ఆ రాత్రి ఆపరేటర్ చెప్పింది విన్నాను, మర్నాడు లోపల చెప్పలేదు. తలుపు తీసి అతన్ని పిలవడానికి నాకు నాలుగడుగులు చాలు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఏం రాశావో నాకు చూపించు. మిగతావాళ్లు కూడా మీ బడిలో, కాలేజీ కమిటీల్లో ఏం జరుగుతోందో రాయండి. నాయనమ్మ అడగమంది, ఎవరెవరు ఏ రోజు బస్సెక్కుతున్నారో ముందే చెప్పండి.

ఇట్లు
మీ తాతయ్య